బడిలో పాట నేర్పే గురువు

యూరప్‌లో సంగీత కళాశాలను కన్సర్వేటరీ అంటారు. ఈ మాట ఇవాళ మహానగరాల కచేరీ మందిరాలను, విద్వాంసుల పోటీలను గుర్తుకు తెస్తున్నా, దాని పుట్టుక మాత్రం అనాథాశ్రమాల్లో ఉంది. పదహారో శతాబ్దంలో ఇటలీలోని నేపుల్స్ నగరంలో దిక్కులేని పిల్లలను చేరదీసిన ఆశ్రమాలను ‘కాపాడే చోటు’ అన్న అర్థంలో కన్సర్వతోరియో అని పిలిచేవారు. ఆ పిల్లలకు బతుకుతెరువుగా నేర్పిన విద్యల్లో సంగీతం క్రమంగా ప్రధానం కావడంతో ఆశ్రమం పేరే సంగీత విద్యాలయానికి పేరుగా స్థిరపడింది. 1795లో పారిస్‌లో సంగీత కళాశాల వెలిసే నాటికి ఆ మాటలోంచి పిల్లలు తప్పుకుని, కచేరీ చేసే విద్వాంసుడు ఒక్కడే మిగిలాడు.

పిల్లలకు పాట నేర్పే ఉపాధ్యాయుడిని తయారుచేయడం కూడా సంగీత కళాశాల ప్రథమ కర్తవ్యాల్లో ఒకటని మళ్లీ గట్టిగా చెప్పినవాడు హంగరీ స్వరకర్త జోల్తాన్ కొదాయ్ (1882–1967). బేలా బార్తోక్‌తో కలిసి పల్లెల్లో జానపద గీతాలు సేకరించిన కొదాయ్, బుడాపెస్ట్‌లో 1875లో ఏర్పడిన సంగీత అకాడమీలో 1907 నుంచి బోధించాడు. ఒక చిన్న ఊళ్లో పాట నేర్పే ఉపాధ్యాయుడు ఎవరన్నది రాజధానిలోని ఒపేరాకు అధిపతి ఎవరన్నదానికంటే ముఖ్యమని 1929లో ఆయన వాదించాడు. అసమర్థుడైన అధిపతి త్వరలోనే పదవి వదిలి పోతాడు గానీ, అసమర్థుడైన ఉపాధ్యాయుడు ముప్పై ఏళ్లపాటు ఏటేటా వచ్చే పిల్లల్లో సంగీతం మీది మక్కువను చంపుతూనే ఉంటాడన్నది ఆయన చూపిన కారణం. బడిలో చెప్పే సంగీతానికి ‘కొద్దిపాటి జ్ఞానం చాలు’ అనుకునే చోటల్లా ఈ వాదాన్ని గుర్తు చేయవలసి ఉంటుంది.

ఈ దృష్టితో రూపొందిన శిక్షణలో మొదటిది స్వరజ్ఞానం. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండ్‌లో సారా గ్లోవర్ ఆరంభించగా జాన్ కర్వెన్ విస్తరింపజేసిన పద్ధతిని కొదాయ్ స్వీకరించాడు. ఇందులో ‘దో’ అన్న స్వరానికి నిర్దిష్టమైన స్థాయి ఉండదు, పాట ఏ శ్రుతిలో ఉంటే అక్కడికి అది కదులుతుంది. ఆధార షడ్జాన్ని గాయకుడి గొంతునుబట్టి నిర్ణయించుకునే మన సంప్రదాయం తెలిసినవారికి ఇది కొత్త విషయం కాదు. ప్రతి స్వరానికీ ఒక హస్తసంజ్ఞ ఉంటుంది: ‘దో’కు పిడికిలి, గాంధారానికి సమానమైన ‘మి’కి నేలకు సమాంతరంగా చాచిన అరచేయి. ఉపాధ్యాయుడు చేయి కదిపితే పిల్లలు పాడతారు. మధ్యలో ఆపమని సైగ చేస్తే గొంతు ఆపి, పాటను మనసులోనే కొనసాగించి, మళ్లీ సైగ అందగానే సరైన స్వరం దగ్గర అందుకుంటారు. దీనిని అంతఃశ్రవణం, అంటే శబ్దం లేకుండానే స్వరాన్ని వినగలగడం, అంటారు. పిల్లలచేత ఇది చేయించాలంటే ఉపాధ్యాయుడికి ముందుగా అది పట్టుబడి ఉండాలి. సెకనుకు 440 కంపనాలు పలికే శ్రుతిదండం ఒక్కటి చేతిలో ఉంటే, దాని ఆధారంగా కావలసిన శ్రుతిని తానే లెక్కగట్టి తరగతికి అందించగలిగే స్థాయి సాధన అతనికి అవసరమవుతుంది. తన గొంతుకు హాయిగా ఉండే శ్రుతి ఆరేళ్ల పిల్లలకు మరీ కిందగా పడుతుందనీ, పన్నెండు, పదమూడేళ్ల మగపిల్లల గొంతు మారుతున్నప్పుడు పైస్థాయిలో బలవంతంగా పాడించరాదనీ అతనికి తెలియాలి. బృందగాన నిర్వహణ, జానపద గీతాల అధ్యయనం, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో నిజమైన తరగతికి పాఠం చెప్పడం కూడా ఈ శిక్షణలో భాగాలే.

కొదాయ్ పుట్టిన కెచ్‌కెమేత్ పట్టణంలో 1950లో రోజూ సంగీత పాఠం ఉండే ప్రాథమిక పాఠశాల మొదలైంది. 1975లో అదే పట్టణంలో ఆయన పేరిట ఉపాధ్యాయ శిక్షణ సంస్థ ఏర్పడింది. ఈ కృషిని 2016లో యునెస్కో వారసత్వ పరిరక్షణకు ఆదర్శప్రాయమైన పద్ధతుల జాబితాలో చేర్చింది.

తెలుగునాట సంగీత కళాశాలల శిక్షణ ప్రధానంగా గాయకుడి సాధనకు, కృతులకు, రాగాలాపనకు సంబంధించినదిగానే సాగుతున్నది. ఆ సాధన లేనిదే ఏ గురువూ లేడన్నది నిజమే కానీ, నలభైమంది పిల్లలున్న తరగతికి అది ఒక్కటే చాలదు. పురందరదాసు ఏర్పరిచారని చెప్పే సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు మాయామాళవగౌళలో ఉంటాయి. గురువు ఎదుట ఒక్కరుగా కూర్చుని సాధన చేసేవారికి తిరుగులేని ఈ క్రమాన్ని, శుద్ధ రిషభం పలకడం కష్టమైన పసిపిల్లల గుంపుకు యథాతథంగా అప్పగించవచ్చునా అన్నది ఆలోచించవలసిన విషయం. హంగరీ ఉపాధ్యాయుడు మన పంచమ, గాంధారాలకు సమానమైన రెండు స్వరాలతో మొదలుపెట్టి, క్రమంగా అయిదు స్వరాల పాటలకు వెళతాడు. ఆ అయిదూ మన మోహన రాగపు స్వరాలే. ఒప్పులకుప్ప, చెమ్మచెక్క ఆటపాటలు, గొబ్బిపాటలు, బతుకమ్మ పాటలు పిల్లల నోట ముందే ఉన్న సంపద గనుక, వాటిని సేకరించి, స్వరపరచి, తేలిక నుంచి కష్టానికి వరుసపరచడం మన సంగీత విద్యార్థికి శిక్షణలో భాగం కావాలి.

విజయనగరంలో 1919లో ఆదిభట్ల నారాయణదాసు అధ్యక్షులుగా మహారాజా సంగీత కళాశాల ఏర్పడడానికి, సంస్థానోద్యోగి ఒకరి అంధుడైన కుమారుడికి సంగీతం నేర్పించాలన్న కోరికే నాంది అని చెబుతారు. నేపుల్స్ ఆశ్రమాల్లాగే ఇక్కడా మొదట ఉన్నది ఒక పిల్లవాడి అవసరం. ద్వారం వెంకటస్వామి నాయుడు బోధించిన, ఘంటసాల చదివిన ఆ కళాశాల, దానితోపాటు తెలుగు రాష్ట్రాల్లోని తక్కిన ప్రభుత్వ సంగీత కళాశాలలు, డిప్లొమా విద్యార్థి ప్రతి ఒక్కరినీ కనీసం ఒక విద్యాసంవత్సరం సమీపంలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలకు వారానికి రెండు రోజులు పంపి, అక్కడ చెప్పిన పాఠాన్ని కూడా పరీక్షలో లెక్కించాలి. ఇందుకు కొత్త భవనాలు అక్కరలేదు. పాఠ్యప్రణాళికను సవరిస్తే చాలు.