గాజుగదిలోని చెమట

మొన్నొక మిత్రుని ఇంట భోజనానికి కూర్చున్నప్పుడు మాటల మధ్య టీవీ ప్రస్తావన వచ్చినది. "ఇప్పటివన్నీ ముందే వ్రాసుకుని ఆడే నాటకాలండీ. ఆ రోజుల్లో అన్నీ ప్రత్యక్ష ప్రసారాలే. జరుగుతున్నది జరుగుతున్నట్టు చూపించేవారు. అందులో అబద్ధానికి చోటెక్కడిది?" అన్నారొక పెద్దాయన. విస్తరి ముందు కూర్చుని వాదన పెట్టుకోవటం మర్యాద కాదు కనుక అక్కడ ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకోవలసిన అవసరం లేదు. ఆయన మాట తప్పు. టీవీ చరిత్రలో అతి పెద్ద మోసాలలో ఒకటి నడిచినది ప్రత్యక్ష ప్రసారంలోనే. అంతకన్న ముఖ్యమైన మాట మరొకటి ఉన్నది: ఆ మోసానికి కారకులు నిర్మాతలు మాత్రమే కారు, చూసినవారు కూడా.

కథ అమెరికాలో మొదలవుతుంది. 1955 జూన్ 7న సీబీఎస్‌లో "64,000 డాలర్ల ప్రశ్న" అనే పోటీ ప్రారంభమయినది. అంతకు ముందు రేడియోలో 64 డాలర్లు గరిష్ఠ బహుమానంగా నడిచిన ఆటను వెయ్యింతలు చేసి టీవీకి తెచ్చారు. ప్రశ్న ప్రశ్నకూ సొమ్ము రెట్టింపవుతుంది. మొత్తం పెరిగిన తరువాత పోటీదారును బయటి మాట వినపడని గాజుగదిలో నిలబెడతారు. ప్రశ్నలున్న కవరును ఒక బ్యాంకు అధికారి కాపలాదారులను వెంటబెట్టుకుని మరీ తెచ్చేవాడు. ప్రాయోజకులు రెవ్లాన్ సౌందర్యసాధనాలవారు. పోటీ మొదలైన కొద్ది నెలలకే వారి లిప్‌స్టిక్కులు దుకాణాలలో నిలవకుండా అమ్ముడుపోయినవి.

తొలి ఆకర్షణ మంచిదేనని నేను ఒప్పుకుంటాను. చెప్పులు కుట్టే జీనో ప్రాటో ఆపెరా సంగీతం మీద ప్రశ్నలకు జవాబులు చెప్పాడు. మెరైన్ దళంలో కెప్టెన్ అయిన మెకచెన్ వంటల మీద చెప్పి, 64,000 డాలర్లు గెలిచిన మొదటి మనిషి అయ్యాడు. మనస్తత్వశాస్త్రం చదువుకున్న జాయిస్ బ్రదర్స్ బాక్సింగ్ మీద చెప్పి ఆ సొమ్మే గెలిచింది. మన వీధిలో రోజూ కనబడే మనిషి దగ్గర మనకు తెలియని నిధి ఒకటి ఉండవచ్చునన్న ఊహ ఎవరికి రుచించదు? ఆ ఊహలో సాటిమనిషి పట్ల గౌరవం ఉన్నది. అంతవరకూ ప్రేక్షకుణ్ణి తప్పు పట్టను.

తప్పు మరుసటి ఏడు మరో పోటీలో బయటపడినది. 1956 సెప్టెంబరు 12న ఎన్‌బీసీలో "ట్వెంటీ వన్" మొదలయినది. నిర్మాతలు జాక్ బారీ, డాన్ ఎన్‌రైట్. బారీయే వ్యాఖ్యాత కూడా. ఇద్దరు పోటీదారులు, రెండు గాజుగదులు. ఒకరి మాట ఒకరికి వినపడదు. ఒకటి నుండి పదకొండు పాయింట్ల దాకా కష్టాన్ని బట్టి ప్రశ్నను ఎంచుకోవాలి. ముందుగా ఇరవయ్యొకటికి చేరినవాడిదే గెలుపు. ఇద్దరి మధ్య తేడాకు పాయింటుకు 500 డాలర్ల చొప్పున లెక్క. సమానమైతే మరో ఆట, పాయింటు విలువ మరో 500 పెరుగుతుంది.

ఆ మొదటి ప్రసారాన్ని ఏ మోసమూ లేకుండా నడిపారు. పోటీదారులు ప్రశ్న తరువాత ప్రశ్న తప్పారు. "తెలియదు", "తప్పు", మళ్ళీ "తెలియదు". చూసేవారికి విసుగు పుట్టినది. ప్రాయోజకులు జెరిటాల్ అనే టానిక్కు అమ్మేవారు. మర్నాడు ఉదయమే నిర్మాతలకు ఫోను చేసి, ఇటువంటిది ఇంకెన్నడూ జరగరాదని మందలించారు. ఇది ఎన్‌రైట్ తరువాతి కాలంలో తానే చెప్పిన సంగతి. ఆనాటి నుండి పోటీ నాటకంగా మారినది.

మిత్రులు ఇక్కడొక్క క్షణం ఆగాలని నా విన్నపం. ఆ కార్యక్రమం నిజాయితీగా నడిచిన రోజున విఫలమయినది, అబద్ధమైన తరువాత దేశమంతటినీ కట్టిపడేసినది. ఈ రెండు రోజుల మధ్య నిర్మాతలు మారలేదు, నియమాలు మారలేదు. మనుషులకు సహజమైన తెలియనితనాన్ని తెర మీద చూడటానికి చూసేవారు ఒప్పుకోలేదు. అంతే తేడా.

మరి వారు కోరినదేమిటి? జ్ఞానమని అంటారు కొందరు. కాదు. జ్ఞానం కావాలంటే ఊరూరా గ్రంథాలయాలుండగా టీవీ ముందు కూర్చోవటం ఎందుకు? వారు కోరినది జ్ఞానం పడే యాతన. గాజుగదిలో ఒక మనిషి పెదవి కొరుక్కోవాలి, కళ్ళు మూసుకోవాలి, నుదుట చెమట పట్టాలి. జవాబు ఆఖరి క్షణంలో రావాలి. హెర్బర్ట్ స్టెంపెల్ అనే పోటీదారుకు నిర్మాతలు నేర్పినది సరిగ్గా ఇదే. ప్రశ్నలూ జవాబులూ ముందే ఇచ్చారు. ఎక్కడ తడబడాలో చెప్పారు. చేతిగుడ్డతో చెమటను ఎట్లా అద్దుకోవాలో కూడా నేర్పారు. చెమట నిజంగా పట్టటానికి ఆ గదిలో చల్లగాలి యంత్రాన్ని ఆపేశారు. ఒంటికి సరిపడని పాత సూటు తొడిగి, జుట్టు పొట్టిగా కత్తిరించి, బీద విద్యార్థిగా నిలబెట్టారు.

ఇందులో విడ్డూరం ఏమంటే స్టెంపెల్ నిజంగానే అపారమైన జ్ఞాపకశక్తి గలవాడు. కొన్ని వారాల తరువాత అతని మొహం చూసి జనానికి విసుగు కలుగుతున్నదని నిర్మాతలకు తోచినది. అతని స్థానంలోకి చార్ల్స్ వాన్ డోరెన్‌ను తెచ్చారు. కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆంగ్ల సాహిత్యం బోధించే యువకుడు, అందగాడు, తండ్రి పులిట్జర్ పొందిన కవి. ఇద్దరి చేతా సమానపు ఆటలు ఆడించి ఉత్కంఠ పెంచారు. చివరకు 1956 డిసెంబరు 5న, అంతకు ముందు సంవత్సరపు ఉత్తమ చిత్రంగా ఆస్కారు పొందిన సినిమా ఏదని స్టెంపెల్‌ను అడిగారు. జవాబు "మార్టీ". అది అతనికి ప్రాణమైన సినిమా, పలుమార్లు చూసినది. కానీ తప్పు చెప్పాలన్నది ఆజ్ఞ. "ఆన్ ది వాటర్‌ఫ్రంట్" అన్నాడు. తెలిసినవాడి చేత తెలియదనిపించటం కన్న పెద్ద అవమానం చదువుకున్నవాడికి ఏమున్నది?

వాన్ డోరెన్ 1957 మార్చి దాకా ఏలాడు. 1,29,000 డాలర్లు గెలిచాడు. ఫిబ్రవరిలో టైమ్ పత్రిక ముఖచిత్రమయ్యాడు. స్టెంపెల్ పత్రికలవారికి నిజం చెప్పబోతే, ఓడిపోయినవాడి కడుపుమంట అన్నారు. 1958లో "డాటో" అనే మరో పోటీలో ఒక పోటీదారు చేతిపుస్తకంలో జవాబులు దొరికిన తరువాతనే అతని మాట చెవికెక్కినది. జేమ్స్ స్నాడ్‌గ్రాస్ అనే మరొక పోటీదారు, తనకు ఇచ్చిన ప్రశ్నలనూ జవాబులనూ ప్రసారానికి ముందే కాగితం మీద పెట్టి, తన చిరునామాకే రిజిస్టరు ఉత్తరాలుగా పంపుకుని సీలు విప్పకుండా దాచాడు. అవి తిరుగులేని సాక్ష్యమయినవి. 1959 నవంబరు 2న వాన్ డోరెన్ కాంగ్రెసు ఉపసంఘం ముందు అంతా ఒప్పుకున్నాడు. పోటీలను ఇట్లా నడపటం అప్పటికి నేరమే కాదు. దాన్ని నేరం చేస్తూ చట్టం వచ్చినది 1960లో. శిక్ష పడినది గ్రాండ్ జ్యూరీ ముందు ప్రమాణం చేసి అబద్ధం చెప్పినందుకు. అదీ అమలు కాని శిక్షే.

ఇక ప్రత్యక్ష ప్రసారం సంగతి. ఆ కాలంలో ప్రసారాలు ప్రత్యక్షంగా నడవటం సత్యం మీద ప్రీతితో కాదు. వీడియో టేపు మీద ముద్రించిన కార్యక్రమం అమెరికా తెర మీద మొదటిసారి ప్రసారమైనది 1956 నవంబరు 30న, స్టెంపెల్ ఓటమికి ఐదు రోజుల ముందు. అంతకు ముందు దాచుకోవాలంటే తెర మీది బొమ్మను సినిమా ఫిల్ముకు ఎక్కించటమే గతి. ప్రత్యక్షత ఆనాటి యంత్రాల పరిమితి. దాన్ని ప్రమాణపత్రంగా చెలామణీ చేసుకున్నారు. "ఇప్పుడే జరుగుతున్నది" అన్న మాటను మనం "నిజంగా జరుగుతున్నది" అని వింటాం. రంగస్థలం మీద నాటకం కూడా మన కళ్ళెదుట ఇప్పుడే జరుగుతుంది. అంతమాత్రాన హరిశ్చంద్రుడు నిజంగా కాటికాపరి అయినట్టా?

"అది వినోదమే కదా, ఎవరికి నష్టం?" అని అడిగేవారున్నారు. వాన్ డోరెన్‌ను ఒప్పించటానికి నిర్మాతలు వాడినదీ ఆ మాటే. పైగా నీవు గెలిస్తే ఉపాధ్యాయులకూ చదువుకూ గౌరవం పెరుగుతుందని ఆశ పెట్టారు. ఎవరికి నష్టమో నాకు స్వయంగా తెలుసు.

నేను నాలుగో తరగతిలో ఉండగా బడికి ఇన్స్పెక్టరుగారు వస్తున్నారని కబురు వచ్చినది. ముందురోజు మా పంతులుగారు ప్రశ్నలు పంచారు, ఎవరి ప్రశ్న వారికి. "ఏది అడిగినా అందరూ చేతులెత్తండి. తెలిసినవాడు కుడిచెయ్యి, తెలియనివాడు ఎడమచెయ్యి" అన్నారు. ఈ ఏర్పాటు మీలో చాలామందికి కొత్త కాదనుకుంటాను. నా వంతుకు వచ్చిన ప్రశ్న గోదావరి ఎక్కడ పుట్టినదని. అది నాకెప్పటినుండో తెలుసు. మా తాతయ్య నాసిక్, త్ర్యంబకం యాత్ర చేసి వచ్చి ఆ కథ ఎన్నోసార్లు చెప్పాడు. మర్నాడు లేచి జవాబు చెప్పాను. ఇన్స్పెక్టరుగారు భుజం తట్టి పెన్సిలు ఇచ్చారు. ఇంటికి వెళ్ళి తాతయ్యకు చెబుదామంటే గొంతు పెగలలేదు. నాకు నిజంగా తెలుసు. కానీ నాకు తెలుసునని చెప్పుకునే హక్కు ముందురోజే పోయినది. ఆ పెన్సిలుతో ఒక్క అక్షరమైనా వ్రాయలేదు.

స్టెంపెల్‌కూ వాన్ డోరెన్‌కూ జరిగిన నష్టం అదే. ఇద్దరూ చదువుకున్నవారే. ఇచ్చిన జవాబులలో ఎన్నో వారికి ముందే తెలిసి ఉంటాయి. కానీ ఏవి తెలిసినవి, ఏవి ఇచ్చినవి? ఇక ఎవరికీ తెలియదు. జవాబు ముందే చేతిలో పెట్టినవాడు జ్ఞానం ఇవ్వడు, ఉన్న జ్ఞానాన్ని కూడా లాక్కుపోతాడు. వాన్ డోరెన్ విశ్వవిద్యాలయం విడిచి, దాదాపు యాభై ఏళ్ళు ఆ విషయమై మౌనంగా ఉండి, 2008లో న్యూయార్కర్ పత్రికలో నోరు విప్పాడు. 2019లో పోయాడు. ఆ మరుసటి ఏడు స్టెంపెల్ పోయాడు. ఇద్దరి మరణవార్తలలోనూ మొదట కనబడినది ఆ గాజుగదే.

మన అవధానాలతో పోల్చి చూడండి. అక్కడా ప్రశ్నలే, అక్కడా ఉత్కంఠే. అవధాని తడబడితే సభ చూస్తుంది. పద్యం నడక చెడితే పట్టుకునే చెవులు ఎదుటనే ఉంటాయి. అవధాని, పృచ్ఛకులు ముందే కూడబలుక్కుంటారన్న అపవాదు అక్కడా లేకపోలేదు. కానీ ఆ అనుమానాన్ని తీర్చుకునే దారి సభలోనే ఉన్నది: అప్పటికప్పుడు మరో ప్రశ్న అడగవచ్చు. ఇంటిలో కూర్చున్న టీవీ ప్రేక్షకుడికి అడిగే నోరు లేదు, మెచ్చుకునే కళ్ళు మాత్రమే ఉన్నవి.

ఆ పోటీల వారసత్వం మన ఇళ్ళకూ వచ్చినది. 2000లో హిందీలో "కౌన్ బనేగా కరోడ్‌పతి", 2014లో తెలుగులో "మీలో ఎవరు కోటీశ్వరుడు". ఇవి ముందుగా చిత్రించి ప్రసారం చేసినవి. వీటిలో మోసం జరిగినదని నేను అనటం లేదు, అనటానికి ఆధారమూ లేదు. కానీ ఆ మెట్లమెట్లుగా పెరిగే సొమ్ము, దీపాలు తగ్గించటం, గుండె దడలాంటి సంగీతం, జవాబు సరైనదో కాదో చెప్పకుండా సాగదీసే ఆ మౌనం - ఇవన్నీ 1950ల నాటి గాజుగది మనుమలే. మనకిప్పటికీ కావలసినది జవాబు కాదు, జవాబుకు ముందరి చెమట.

పెద్దాయనా, ఆనాటివారు నిజాయితీపరులు, ఈనాటివారు మోసగాళ్ళు అన్న లెక్క సరికాదు. తెర మీద ఒక మామూలు మనిషి "నాకు తెలియదు" అంటే ఆనాడూ ఎవరికీ నచ్చలేదు, ఈనాడూ నచ్చటం లేదు. ఆ మాట విని చానెలు మార్చకుండా కూర్చోగలిగిన నాడు ఇటువంటి నిర్మాతలకు పని ఉండదు. అందాకా మనమూ ఆ తరగతిలో ఎడమచెయ్యి ఎత్తి కూర్చున్న పిల్లలమే.

కాదనేవారు కాదనండి. మీ వాదన వినటానికి సిద్ధంగా ఉన్నాను. ప్రశ్నలు మాత్రం ముందే పంపకండి.