దాచుకొమ్మని చెప్పడమూ మర్యాదే

సొంత సర్వరు నడుపుకొనే మిత్రులలో చాలామందికి ఒక అలవాటు ఉన్నది. పేజీని దిద్దినా పాఠకునికి పాతదే కనబడుతున్నదన్న ఫిర్యాదు రాగానే, ప్రతి ఫైలుకూ 'నో-స్టోర్' అని తగిలించి ఊరుకుంటారు. ఈ పద్ధతి నాకు సమ్మతం కాదు. మన బద్ధకానికి పాఠకుని చేత సుంకం కట్టించడమే అది.

'నో-స్టోర్' అంటే దేనినీ దాచుకోవద్దని విహారిణికి ఆజ్ఞ. బ్యాంకు లావాదేవీల పేజీకి అది తగినదే. తెలుగు ఖతికి ఎందుకు? వత్తులూ గుణింతాలూ చేరి మన ఖతులు ఆంగ్ల ఖతులకన్నా సాధారణంగా బరువైనవి. వచ్చిన ప్రతిసారీ వాటిని మళ్ళీ దించుకొమ్మంటే, డేటాను లెక్కపెట్టి వాడుకొనే పాఠకుడే నష్టపోతాడు.

1997 నాటి హెచ్‌టీటీపీ 1.1 ఈ చిక్కుకు 'క్యాష్-కంట్రోల్' అనే హెడరును ఇచ్చింది. అందులో 'నో-క్యాష్' అన్నది పేరుకూ పనికీ పొంతన లేని మాట. దాచుకో, అయితే వాడేముందు నన్నొకసారి అడుగు అని దాని అర్థం. విహారిణి తన ప్రతిమీది 'ఈట్యాగ్' గుర్తును పంపి అడుగుతుంది. ఏదీ మారకపోతే సర్వరు 304 అని చిన్న జవాబిస్తుంది. పేజీ మొత్తం మళ్ళీ ప్రయాణం చేయనక్కరలేదు. తరచు దిద్దే వ్యాసాలకు ఇదే తగునంటాను.

ఖతులకూ బొమ్మలకూ 'మాక్స్-ఏజ్=31536000' ఇవ్వవచ్చు. అవి ఏడాదిలోని సెకన్లు. ఇక్కడొక మెలిక ఉన్నది. పాఠకుని యంత్రానికి చేరిన ప్రతి మన అధీనంలో ఉండదు. ఇచ్చిన గడువును వెనక్కి తీసుకోలేము. కనుక ఫైలు మారితే పేరూ మారాలి: నిన్న 'శైలి-1', నేడు 'శైలి-2'. అపాచీలో 'మాడ్-హెడర్స్' ఉంటే ఇదంతా కొద్ది వరుసల పని.

అసలేమీ చెప్పకపోతేనో? అప్పుడు విహారిణి తానే ఊహిస్తుంది. చివరి మార్పు జరిగి ఎంతకాలమైందో, అందులో పదోవంతును గడువుగా తీసుకోవడం వాడుక. 2022లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9111 కూడా ఆ లెక్కను ప్రస్తావించింది. 100 రోజులుగా ముట్టని పేజీని నేడు దించుకున్నవారి విహారిణి మరి 10 రోజులు మనలను అడగకపోవచ్చు. రేపే మనం దిద్దినా వారికి పాతదే కనబడుతుంది. మొదట చెప్పిన ఫిర్యాదు ఇటువంటి మౌనం నుంచే పుడుతుంది.

ఒక్క అరసున్న కోసం గంటలకొద్దీ వాదించుకొనే వాళ్ళం మనం. పాఠకునికి కనబడని ఆ హెడరు మీద కూడా అంతటి శ్రద్ధ పెట్టడం న్యాయమని నా అభిప్రాయం. మీరేమంటారు?