నేల టిక్కెట్టు ధరకే పాత హీరోలు!

ఒక సినిమా వంద కోట్లు వసూలు చేసిందంటే మనం ఏం చేస్తాం? పోస్టరు మీద అంకె వేయించి, కటౌట్‌కి పాలు పోసి, అవతలి హీరో అభిమానితో నెల్లాళ్లు పోట్లాట పెట్టుకుంటాం. అదే వంద కోట్లు ఒక్క అట్టముక్కకు పలికితే?

పలికిందండీ బాబూ! 2022 ఆగస్టులో అమెరికాలో జరిగిన వేలంలో మికీ మాంటిల్ అనే బేస్‌బాల్ ఆటగాడి బొమ్మ ఉన్న కార్డు ఒక కోటీ 26 లక్షల డాలర్లకు అమ్ముడయింది. ఆనాటి మారకం ప్రకారం మన డబ్బులో సుమారు వంద కోట్లు. ఆ కార్డును 1952లో టాప్స్ అనే బబుల్‌గమ్ కంపెనీ వేసింది. గమ్ముతోపాటు కొన్ని కార్డులున్న పొట్లం అప్పట్లో ఐదు సెంట్లు!

"సినిమా పత్రికలో బేస్‌బాల్ ఏమిటి గురూ?" అని నొసలు చిట్లించకండి. అమెరికా వాళ్లకు ఆ ఆట సగం సినిమా. 1942లో లూ గెరిగ్ అనే ఆటగాడి కథను 'ది ప్రైడ్ ఆఫ్ ది యాంకీస్'గా తీశారు. గ్యారీ కూపర్ హీరో. అందులో బేబ్ రూత్ వేషం వేసింది సాక్షాత్తూ బేబ్ రూతే! 1950లో జాకీ రాబిన్‌సన్ కథ తీసినప్పుడైతే హీరో వేషమే జాకీ రాబిన్‌సన్ వేశాడు. డూపు లేదు, మేకప్పూ పెద్దగా అక్కర్లేదు!

ఇక అసలు సంగతి. వంద కోట్ల వార్త చదివిన ఒక పాఠకుడు అమెరికా నుంచి ఉత్తరం రాశాడు. టెక్సాస్‌లో చదువుకుంటున్నాడు. కాలేజీ లైబ్రరీలో పనిచేసి వంద డాలర్లు మిగిల్చాడు. అక్కడ కార్డుల కొట్టు ఆయన 1990 నాటి సీలు విప్పని పెట్టె ఒకటి చూపించి, "పాత సరుకు. ఇవాళ వందకు కొను, రేపు లక్షలవుతుంది" అన్నాడట. "కొనమంటారా, మేష్టారూ?" అని ప్రశ్న.

వద్దు తమ్ముడూ. ఎందుకు వద్దో చెబుతాను. ఆ వంద డాలర్లతో ఏం కొనవచ్చో కూడా చెబుతాను.

ముందు ఆ మాంటిల్ కార్డు అంత ధర ఎందుకు పలికిందో చూద్దాం. 1952లో టాప్స్ వాళ్లు 407 కార్డులు వేశారు. అన్నీ ఒకేసారి కాదు, విడతలు విడతలుగా. చివరి విడత కొట్లకు వచ్చేసరికి ఆటల సీజను అయిపోవస్తోంది. పిల్లల దృష్టి వేరే వాటి మీదకు మళ్లింది. సరుకు మిగిలిపోయింది. ఎనిమిదేళ్లపాటు గోడౌనులో మూలిగింది. ఆ కార్డుల రూపకర్త సై బర్గర్ అనే ఆయన 1960లో పెట్టెలకు పెట్టెలు చెత్త పడవ మీద వేయించి అట్లాంటిక్ సముద్రంలో గుమ్మరించి వచ్చాడు. మాంటిల్ కార్డు ఆ చివరి విడతలోదే.

ఆగండి, అసలు చిత్రం ఇప్పుడే మొదలు! ఆ విడతలో మాంటిల్ కార్డు అన్నిటికన్నా అరుదైనది కాదు. అచ్చు పలకలో దాన్ని రెండుసార్లు వేశారు. అంటే పక్కనున్న చాలా కార్డులకన్నా ఇది రెట్టింపు అచ్చయింది. పోనీ అతని మొదటి కార్డా అంటే అదీ కాదు. మొదటిది 1951లోనే బోమన్ అనే మరో కంపెనీ వేసింది. మరి వంద కోట్లెందుకు? ఒకటి, మాంటిల్ న్యూయార్క్ కుర్రాళ్ల ఆరాధ్య హీరో. రెండు, వేలానికి వచ్చిన ఆ ఒక్క ప్రతి డెబ్బయ్యేళ్ల తర్వాత కూడా నిన్న అచ్చయినట్టుంది. ధరను నిర్ణయించేది గిరాకీ, దానితోపాటు అంచుల మెరుపు.

ఇది అర్థమైతే 1990 పెట్టె సంగతి కూడా అర్థమైపోతుంది. పాత కార్డులు ఎందుకు అరుదయ్యాయి? పిల్లలు వాటిని సైకిలు చక్రం పుల్లలకు క్లిప్పు పెట్టి టపటపలాడించారు. రబ్బరు బ్యాండు వేసి జేబులో కుక్కారు. పిల్లాడు కాలేజీకో పట్టాళానికో వెళ్లగానే తల్లి గది ఊడ్చి చెత్తబుట్టలో పోసింది. అలా పోగా మిగిలినవి కాబట్టే వాటికి విలువ. 1980ల నాటికి ఈ ధరల కథ అందరికీ తెలిసిపోయింది. ఇక చూడండి... ఐదారు కంపెనీలు పోటీపడి లారీల కొద్దీ కార్డులు అచ్చేశాయి. కొన్నవాళ్లెవరూ చింపలేదు, పారేయలేదు. ప్రతివాడూ "కొడుకు చదువుకు పనికొస్తుంది" అని అటక మీద దాచాడు. అందరూ దాచిన వస్తువు అరుదెలా అవుతుంది? అమెరికాలో ఆ కాలపు కార్డులకు 'చెత్త కాగితాల యుగం' అన్న అర్థం వచ్చే ముద్దుపేరు కూడా ఉంది. పాతదల్లా బంగారం కాదు తమ్ముడూ.

మరి తక్కువ డబ్బుకు మంచి సరుకు ఎక్కడుంది? నేల టిక్కెట్టులో ఉంది!

ఒకప్పుడు మన హాళ్లలో నేల టిక్కెట్టు కొన్నవాడికీ బాల్కనీలో కూర్చున్నవాడికీ కనిపించింది ఒకే సినిమా. హీరో ఇద్దరికోసమూ అదే పాట పాడేవాడు. మెడ కాస్త పైకెత్తాలి, అంతే తేడా. పాత కార్డుల్లోనూ అలాంటి నేల తరగతులు నాలుగున్నాయి.

మొదటిది, నలిగిన కార్డు. 1991లో పి.ఎస్.ఏ. అనే సంస్థ మొదలై కార్డులకు పదికి ఇన్ని అని మార్కులు వేయసాగింది. తర్వాత ఇంకొందరూ వచ్చారు. అప్పటినుంచి మూల ఒక్క వెంట్రుకవాసి అరిగినా ధర దబ్బున పడుతుంది. కార్డు పైనుంచి కిందికి మడత పడిందా, ఇక పాతాళమే. కాని చేత్తో పట్టుకుని చూస్తే ఏముంది? అదే బొమ్మ, అదే రంగు, అదే సంవత్సరం. మడతలు మొహానికి అడ్డం రాకపోతే చాలు. నామటుకు నేను మడత పడ్డ కార్డునే ఎక్కువ ఇష్టపడతాను. దాన్ని ఓ కుర్రాడు జేబులో పెట్టుకు తిరిగాడన్నమాట!

రెండోది, ఐదో సినిమా సూత్రం. హీరో తొలి చిత్రం పోస్టరుకున్న మోజు ఐదో చిత్రం పోస్టరుకు ఉండదు. కార్డుల్లో అయితే ఆ తేడా మరీ ఘోరం. ఆటగాడి మొదటి ఏడాది కార్డుకు ఆకాశమంత ధర. అదే ఆటగాడు మంచి ఊపు మీదున్న ఆరో ఏటి కార్డు అందులో చిన్న భాగానికే దొరుకుతుంది. చెప్పొద్దూ, బొమ్మ కూడా చాలాసార్లు ఆరో ఏటిదే బాగుంటుంది!

మూడోది, క్యారెక్టర్ నటుల వరస. హీరో పేరు చెబితే టిక్కెట్లు తెగుతాయి నిజమే, కాని సినిమాను నిలబెట్టినవాళ్లు ఇంకా ఉంటారుగా? ఫ్రాంక్ రాబిన్‌సన్‌ను తీసుకోండి. హోమ్ రన్ అంటే మన సిక్సరుకు అన్నలాంటిది. మాంటిల్ కొట్టినవి 536, ఫ్రాంక్ కొట్టినవి 586. అమెరికాలో ఉన్న రెండు పెద్ద లీగుల్లోనూ ఉత్తమ ఆటగాడి బహుమతి అందుకున్న మొదటివాడు. 1975లో పెద్ద లీగుల్లో జట్టు మేనేజరైన మొదటి నల్లజాతి వ్యక్తి కూడా ఆయనే. అయినా ఆయన కార్డు మాంటిల్ కార్డు ముందు చవకే. వారెన్ స్పాన్ అని ఎడమచేత్తో బంతి విసిరే మొనగాడు ఉన్నాడు. మధ్యలో రెండో ప్రపంచయుద్ధానికి వెళ్లొచ్చి కూడా 363 ఆటలు గెలిపించాడు. ఎడమచేతి వాళ్లలో ఇప్పటికీ అదే రికార్డు. ఆయనకూ పోస్టరులో చిన్న బొమ్మే!

నాలుగోది, ఎక్స్‌ట్రాలు. ప్రతి వరసలోనూ ఎక్కువ భాగం ఎవరికీ గుర్తులేని మామూలు ఆటగాళ్లే. న్యూజెర్సీలో మా అక్కయ్య ఇంటికి వెళ్లినప్పుడు ఓ హోటల్ హాల్లో కార్డుల సంత జరుగుతుంటే చూశాను. గాజుపెట్టెల దగ్గర జనం మూడు వరసలు. మూలన ఒక ముసలాయన బల్ల మీద చెప్పుల డబ్బాల నిండా మామూలు కార్డులు. అక్కడ ఈగలు తప్ప మనుషుల్లేరు. 1956 నాటి టాప్స్ కార్డు ఒకటి మూడు డాలర్లకు ఇచ్చాడు. ఆటగాడి పేరు నేనెన్నడూ వినలేదు. వెనక్కి తిప్పితే అతని ఆట గురించి మూడు చిన్న కార్టూన్లు! అక్కడే నిలబడి పావుగంట చదివాను. అక్కయ్య "ఇంతేనా కొన్నది?" అంది. "ఇది చాలే అక్కా" అన్నాను.

ఆ మూడు డాలర్ల కార్డుకు మరో ఉపయోగం ఉంది. అదే నీ గురువు. ఎందుకంటే ఈ వీధిలో మోసాలు తక్కువేం కాదు. టాప్స్ వాళ్లే 1952 వరసను 1983లో మళ్లీ అచ్చేశారు. వాళ్లు దొంగతనంగా చేయలేదు, వెనకవైపు ఆ మాట వేశారు. కాని అలాంటివాటిని అసలువని అంటగట్టేవాళ్లుంటారు. స్కేలు తీసుకో. 1952 నాటి అసలు కార్డు పొడవు 9 సెంటీమీటర్లన్నర. మళ్లీ అచ్చయింది 9 సెంటీమీటర్లు కూడా ఉండదు. తర్వాత భూతద్దం పట్టు. పాత అచ్చులో బొమ్మ చుక్కలు చుక్కలుగా ఉంటుంది, నల్ల అక్షరాలూ గీతలూ మాత్రం నిండుగా ఉంటాయి. అక్షరాల్లో కూడా చుక్కలు కనిపిస్తే అది ఫొటో తీసి అచ్చేసిన నకిలీ అని అనుమానించు. ఏ ఏడాది పెద్ద కార్డు కొనదలిస్తే ఆ ఏడాది ఎక్స్‌ట్రా కార్డు ఒకటి ముందు కొని, పక్కపక్కన పెట్టి మందం, రంగు, నునుపు పోల్చి చూడు.

అంచులు మరీ పదునుగా, కొత్తగా ఉన్నాయా? అప్పుడు ఇంకా జాగ్రత్త. హానస్ వాగ్నర్ అనే ఆటగాడి బొమ్మతో 1909 ప్రాంతంలో సిగరెట్టు పెట్టెల్లో వచ్చిన కార్డు చాలా అరుదైనది. అందులో అన్నిటికన్నా పేరున్న ప్రతికి పి.ఎస్.ఏ. వాళ్లు పదికి ఎనిమిది మార్కులు వేశారు. దాన్ని ఒకప్పుడు కొని అమ్మిన వేలందారు, అంచులు తానే కత్తిరించానని 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు! లక్షలు పోసే పెద్దమనుషుల గతే ఇలా ఉంటే మన వంద డాలర్లు ఏపాటి? అరిగిన మూలల్లో ఈ బెడద తక్కువ. మంచి ధర రాని కార్డును కత్తిరించే ఓపిక ఎవరికుంటుంది?

కనుక తమ్ముడూ, ఆ పెట్టె అక్కడే ఉండనీ. వందలో పది పదిహేను డాలర్లు పెట్టి 1950ల, 60ల ఎక్స్‌ట్రాలు నాలుగు కొను. ఓ భూతద్దం, ప్లాస్టిక్ తొడుగులు కొను. మిగిలిన దాంతో ఫ్రాంక్ రాబిన్‌సన్‌నో, స్పాన్‌నో మడతలతో వెతుకు. ఇంకా మిగిలితే దాచుకో. రేపు వీటి ధర పెరుగుతుందని నేను పూచీ పడను. రేపు ధర పడిపోయినా చేతిలో ఉన్నందుకు సంతోషించగల కార్డు కొను. మంచి బేరమంటే నా లెక్కలో అదే.

ఆ సంతోషం ఎలాంటిదంటారా? పాత కార్డులు అబద్ధాలు కూడా నిజాయితీగా చెబుతాయి. ప్యూర్టోరికో నుంచి వచ్చిన రాబర్టో క్లెమెంటే పేరును టాప్స్ వాళ్లు ఏళ్ల తరబడి 'బాబ్' అని అచ్చేశారు. తన పేరు రాబర్టో అని ఆయన చెబుతూనే ఉన్నాడు. సరిగ్గా 3,000 హిట్లు పూర్తిచేసి, 1972 డిసెంబరు 31న నికరాగువా భూకంప బాధితులకు సామాన్లు తీసుకెళుతూ విమాన ప్రమాదంలో పోయాడు. సాచెల్ పేజ్ అని మరో మహానుభావుడు. నల్లవాళ్లను పెద్ద లీగుల్లో అడుగుపెట్టనివ్వని రోజులు కావడంతో 42 ఏళ్ల వయసులో, 1948లో గాని అవకాశం రాలేదు. 1953 కార్డు మీద ఆయన పేరు స్పెల్లింగు కూడా తప్పే!

ఇక జాష్ గిబ్సన్. నల్లవాళ్ల లీగుల్లో ఆయన బ్యాటు దెబ్బకు సాటి లేదంటారు. జాకీ రాబిన్‌సన్ 1947 ఏప్రిల్‌లో ఆ గోడ బద్దలుకొట్టడానికి మూడు నెలల ముందే, 35 ఏళ్లకే చనిపోయాడు. ఆయన ఆడిన రోజుల్లో అమెరికా బబుల్‌గమ్ కంపెనీ ఒక్కటీ ఆయన కార్డు వేయలేదు. వంద కోట్లున్నవాడు కూడా ఆ పొట్లంలోంచి గిబ్సన్ బొమ్మ తీయలేడు, ఎందుకంటే ఎవరూ పెట్టలేదు.

అందుకే చెబుతున్నాను. పాత కార్డు దొరికితే ముందు ధర చీటీ చూడకండి. వెనక్కి తిప్పి చదవండి. అందులో ఉన్న మనిషి నచ్చితే, అప్పుడు బేరమాడండి.