బొటనవేలికి తాళం వేసుకోవాలట!

వేలిముద్ర అంటే ఒకప్పుడు మనకు చదువు చెప్పలేదనడానికి సాక్ష్యం. షావుకారు ప్రోనోటు మీద ఎంత రాసుకుంటే అంతకు వేలు పెట్టి వచ్చినవాళ్లం. ఇప్పుడు ఆ వేలే నీ బ్యాంకు, నీ బియ్యం, నీ పింఛను అంటున్నారు. షావుకారు కనీసం మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని వేలు పెట్టించేవాడు. ఇప్పటి దొంగకు ఆ మనిషి కూడా అక్కర్లేదు.

2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోని భూమి దస్తావేజుల నుంచి వేలిముద్రలు దించుకుని, రబ్బరు ముద్రలు చేయించి, ఎవరెవరి పేర్ల మీదనో సిమ్‌లు నడిపించాడని పోలీసులు తేల్చారు. ముద్రల్ని దాచాల్సిన సర్కారే వాటిని బజార్లో పెట్టింది. ఊళ్లో డబ్బులిచ్చే మిషన్‌కు ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలు చాలు. కార్డూ అడగదు, ఓటీపీ కూడా అడగదు.

చట్టం లేదా? ఉంది. ఐటీ చట్టంలో 66సి సెక్షన్ 2009 నుంచి అమల్లో ఉంది: మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. కానీ బెయిలబుల్. 2016 నాటి ఆధార్ చట్టమైతే ఇంకా వింత. వేలు మనది, ఫిర్యాదు హక్కు మాత్రం ఆధార్ సంస్థది! 2018లో సుప్రీంకోర్టు తప్పుపట్టాకే, 2019 సవరణతో కొన్ని నేరాలకు మనకూ ఆ హక్కు వచ్చింది.

వ్యాపారి సొత్తయితే చట్టం పరుగెత్తుతుంది. అమెరికాలో ఒక్క నొక్కుతో సరుకు కొనే పద్ధతి మీద అమెజాన్ 1999 సెప్టెంబరులో పేటెంటు పొందితే, డిసెంబరు 1 కల్లా కోర్టు పోటీ కంపెనీని ఆపేసింది. (2001లో పై కోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది, అది వేరే సంగతి. మన పేటెంటు చట్టం 3(కె) సెక్షన్ వ్యాపార పద్ధతికి పేటెంటే ఇవ్వదు, అంతవరకు నయం.) కంపెనీ నొక్కుడుకు రెండు నెలల్లో కాపలా దొరికింది. కూలి చేసి అరిగిన వేలికి ఎవడు కాపలా?

వేలికి మీరే తాళం వేసుకోండని సలహా ఇస్తున్నారు. దానికి ఫోను నంబరు ఆధార్‌కు కలిసి ఉండాలి. తాళం తీసేదాకా మన డబ్బు మనకే రాదు. ఇది రక్షణా, శిక్షా?

పోయిన డబ్బు గురించి మనవాళ్లు సిగ్గుపడి ఊరుకోవద్దు. తెలిసిన రోజే 1930కి ఫోను చేయాలి, బ్యాంకుకు కాగితం రాసివ్వాలి. బయటివాడు చేసిన మోసాన్ని మూడు పనిదినాల్లో చెబితే ఖాతాదారు నష్టం భరించనక్కర్లేదనీ, తప్పు ఖాతాదారుదని రుజువు చేయాల్సింది బ్యాంకేననీ రిజర్వు బ్యాంకు 2017 జులై 6 ఉత్తర్వులో చెప్పింది. మేనేజరు "నువ్వే ఎవరికో వేలు ఇచ్చుంటావ్" అని గదమాయిస్తే ఆ ఉత్తర్వు తేదీ చెప్పండి. కార్యకర్తలు వెంట వెళ్లండి. కాగితం నకలు మీద బ్యాంకు ముద్ర పడేదాకా కదలొద్దు.