బదనిక పేరుతో ఆర్కిడ్లను కొట్టివేయరాదు

తెలుగులో బదనిక అనే మాట ఏ ఒక్క మొక్కకూ పరిమితమైన పేరు కాదు. చెట్టుపై మొలిచిన మరో మొక్క ఏదైనా జనవ్యవహారంలో బదనికే. మామిడి కొమ్మలోకి వేరు దించి దాని రసాన్ని పీల్చి బతికే లొరాంథస్ జాతి మొక్క బదనిక. చింత మాను బెరడుపై వేళ్లు పరచుకొని, ఆ చెట్టు నుంచి ఆహారమేమీ తీసుకోకుండా పూచే వాండా ఆర్కిడ్ కూడా బదనికే. పాములు పట్టేవారు చూపించే వేరుకు సైతం ఆ పేరే వాడుకలో ఉంది. శ్రీ సత్యసాయి జిల్లాలోని అగళి మండలం కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉంది. అక్కడి రైతుకు తెలుగుతోపాటు కన్నడమూ అలవాటే. అయితే కన్నడంలోని బందణికె అనే మాట కూడా చెట్టుపై మొలిచేదాన్ని పరాన్నజీవిగానే చూపుతుంది గనుక ఈ తికమక రెండు భాషల్లోనూ కొనసాగుతున్నది.

పేరు ఒకటైనప్పుడు సలహా కూడా ఒకటే అవుతుంది. చెట్టుపై బదనిక కనిపిస్తే కొట్టివేయాలన్నది తోటల యాజమాన్యంలో చాలాకాలంగా వినిపిస్తున్న మాట. లొరాంథస్ విషయంలో అది నూటికి నూరుపాళ్లు సరైనదే. ఆర్కిడ్ విషయంలో మాత్రం దానికి శాస్త్రీయ ఆధారం లేదు. విస్తరణ సేవల్లో ఈ రెండింటినీ వేరుచేసి చెప్పకపోవడం చిన్న లోపంగా కనిపించవచ్చు. కానీ ఒకసారి పెరికివేసిన ఆర్కిడ్ అదే చెట్టుపై తిరిగి మొలవడం ఎంత అరుదో తెలిసినవారు దాన్ని చిన్న లోపంగా తీసివేయలేరు.

లొరాంథస్‌గా వ్యవహరించే మొక్క శాస్త్రీయనామం డెండ్రోఫ్తీ ఫాల్కేటా. మామిడి, సపోటా, వేప, కానుగ వంటి అనేక చెట్లను అది ఆశ్రయిస్తుంది. దాని పండులోని జిగురు గింజను చిన్న పిట్టలు కొమ్మలపై విడుస్తాయి. మొలకెత్తిన గింజ నుంచి చూషకం బెరడును చీల్చుకొని దారువు వరకు దిగుతుంది. అక్కడి నుంచి నీటినీ ఖనిజ లవణాలనూ పీల్చుకుంటుంది. దాని ఆకులు పచ్చగా ఉంటాయి, ఆహారాన్ని కొంతవరకు అవే తయారుచేసుకుంటాయి. అందుచేత దాన్ని పాక్షిక పరాన్నజీవి అంటారు. కొమ్మతో అది కలిసేచోట కణితి వంటి ఉబ్బు ఏర్పడుతుంది, ఆ పైభాగం క్రమంగా ఎండిపోతుంది. బదనిక ఆకులను మాత్రమే కోస్తే ప్రయోజనం ఉండదు. ఉబ్బుకు దిగువన, చూషకాలు చేరని చోట కొమ్మను కోసివేయాలి. ఈ పని పూతకు, పండ్లకు ముందే జరగాలి.

ఆర్కిడ్ వేరును చేతితో లాగి చూస్తే తేడా వెంటనే అర్థమవుతుంది. అది బెరడును గట్టిగా పట్టుకొని ఉంటుందే గాని లోపలికి దిగదు. ఊడివచ్చిన చోట బెరడు చెక్కుచెదరదు, ఉబ్బు కనిపించదు. లొరాంథస్‌కు చెట్టు మాదిరే చేవగల కొమ్మలుంటాయి. వాండాకు కొమ్మలు ఉండవు. నిటారుగా పెరిగే ఒకే కాండానికి ఇరువైపులా రెండు వరుసల్లో పొడవైన, మందమైన, దోనె వలె ముడుచుకున్న పట్టీ ఆకులుంటాయి. పొలం గట్టుపై నిలబడి పది అడుగుల దూరం నుంచి కూడా ఈ గుర్తు పట్టవచ్చు. ఇంతటి తేలికైన గుర్తింపు శిక్షణ తరగతుల్లో చోటు చేసుకోకపోవడం విచిత్రమే.

మరి చెట్టు నుంచి ఏమీ తీసుకోని ఈ మొక్క ఏం తిని, ఏం తాగి బతుకుతుంది? ఉమ్మడి అనంతపురం జిల్లాలో సాలుకు సగటున దాదాపు 550 మిల్లీమీటర్ల వర్షం పడుతుంది, అదీ కొద్ది రోజుల్లోనే కురిసిపోతుంది. ఇంత పొడి నేలలో మట్టి ఆసరా లేకుండా గాలిలో వేళ్లు వేలాడదీసుకొని బతకడం ఏ పంట మొక్కకూ సాధ్యం కాదు. వాండాకు ఇది సాధ్యపడటానికి ప్రధానంగా రెండు ఏర్పాట్లు ఉన్నాయి. మొదటిది వేరు. వాయుగత వేరు చుట్టూ వెలామిన్ అనే పొర ఉంటుంది. అది నిర్జీవ కణాలతో ఏర్పడిన అనేక వరుసల స్పంజి. పొడిగా ఉన్నప్పుడు ఆ కణాల్లో గాలి నిండి వేరు వెండివలె తెల్లగా కనిపిస్తుంది. నాలుగు చినుకులు పడగానే కణాలు నీటితో నిండి పొర పారదర్శకమవుతుంది, అడుగునున్న పత్రహరితం బయటపడి వేరు పచ్చబడుతుంది. బెరడు మీదుగా జారే వాననీటిలో కరిగిన దుమ్ము, కుళ్లిన ఆకుల సారం, పక్షుల రెట్టల్లోని లవణాలు దాని ఎరువు. చెట్టు దానికి నిలువనీడ మాత్రమే.

రెండవది శ్వాస తీరు. చాలా మొక్కలు పగలు పత్రరంధ్రాలు తెరిచి బొగ్గుపులుసు వాయువును తీసుకుంటాయి, దానితోపాటే నీటినీ పోగొట్టుకుంటాయి. వాండా అందుకు విరుద్ధంగా రాత్రివేళ పత్రరంధ్రాలు తెరుస్తుంది. తీసుకున్న వాయువును మాలిక్ ఆమ్లంగా నిలువచేసి, పగలు రంధ్రాలు మూసుకొని వెలుతురు సాయంతో చక్కెరగా మార్చుకుంటుంది. కలబంద, బ్రహ్మజెముడు పాటించే క్రాసులేసియన్ ఆమ్ల జీవక్రియ ఇదే. ఎడారి మొక్క లక్షణాలను చెట్టు కొమ్మపై ప్రదర్శించే ఈ ఆర్కిడ్‌ను చూపించి మెట్ట వ్యవసాయ పాఠం చెప్పవచ్చు. ఉష్ణమండల ఆర్కిడ్ అనగానే వానతో తడిసిన అడవి, పొగమంచు కొండ మాత్రమే విద్యార్థి మనసులో మెదలడం పాఠ్యపుస్తకాల బొమ్మల వల్ల కలిగిన అలవాటు.

ఈ జాతికి తెలుగు సీమతో ఉన్న సంబంధం పాతది. 1781 నుంచి సామర్లకోటలో ఉండి మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా తోటకు వెళ్లాడు. కోరమండల్ తీరపు మొక్కలపై ఆయన రచించిన గ్రంథం తొలి సంపుటి 1795లో లండన్‌లో వెలువడింది. నేడు వాండా టెస్సెల్లేటా అని పిలిచే మొక్కను ఎపిడెండ్రమ్ టెస్సెల్లేటమ్ అనే పేరుతో శాస్త్రలోకానికి పరిచయం చేసింది ఆ సంపుటియే. పసుపు పచ్చని రేకులపై గోధుమరంగు గళ్లు ఉన్నందున ఆ పేరు వచ్చింది. పెదవి రేక మాత్రం ఊదా రంగులో ఉంటుంది, పువ్వుకు సువాసన ఉంటుంది. మందమైన ఆకులతో, ఎర్రని చారలున్న చిన్న పసుపు పూలతో కనిపించే అకాంపె ప్రీమోర్సాను కూడా అదే సంపుటి తొలిసారి వర్ణించింది. ఆ తరువాత రాక్స్‌బర్గ్ జాతి చేరిన వాండా అనే ప్రజాతి పేరు సంస్కృతంలోని వందా శబ్దం నుంచి వచ్చింది. చెట్లపై పెరిగే పరాన్నజీవి మొక్కకు ఆ శబ్దమే వాడుక. అంటే బదనిక అనే మాటలోని పొరపాటు శాస్త్రీయ నామంలోకీ చేరిపోయింది. రైతు ఒక్కడినే తప్పుపట్టడం న్యాయం కాదు.

ఈ మొక్క విలువను గుర్తించినవారు వేరేచోట ఉన్నారు. సువాసన వల్ల ఆగ్నేయాసియాలో ప్రసిద్ధి పొందిన వాండా మిమీ పామర్ అనే సంకర రకం 1963లో నమోదైంది. దాని జనకాల్లో ఒకటి వాండా టెస్సెల్లేటా. వేడిని తట్టుకొనే శక్తి, పరిమళం, చిన్న మొక్కగానే పూతకు వచ్చే గుణం ఉన్న ఒక జాతిని ఒకచోట సంకరణానికి వాడుతుంటే, మరోచోట కత్తితో గీకివేయడం జరుగుతున్నది. కొన్ని ప్రాంతాల్లో దీని వేళ్లను రాస్నా పేరుతో మందు దినుసుగా సేకరిస్తారు. ఆయుర్వేద ఔషధకోశం రాస్నాగా గుర్తించింది ప్లూచియా లాన్సియోలేటాను. దక్షిణాదిలో ఆ స్థానంలో దుంపరాష్ట్రం వాడుక ఎక్కువ. కాబట్టి ఆ పేరుతో చెట్లెక్కి వేళ్లు పీకవలసిన అగత్యం లేదు.

పీకిన మొక్క స్థానంలో మరొకటి ఎందుకు రాదన్న దానికి జవాబు గింజలో ఉంది. ఆర్కిడ్ కాయలో వేలాది గింజలు ధూళివలె ఉంటాయి. వాటిలో అంకురచ్ఛదం ఉండదు, పిండానికి తినడానికి ఏమీ ఉండదు. గాలికి ఎగిరిన గింజ తగిన బెరడు పగులులో పడాలి, అక్కడ తగిన శిలీంధ్రం ఉండాలి, ఆ శిలీంధ్రం లోపల ప్రవేశించి ఆహారం అందించాలి. అప్పుడే మొలక. ఈ సహజీవనాన్ని 1899లో నోయెల్ బెర్నార్డ్ గుర్తించాడు. 1922లో లూయిస్ నడ్సన్ చక్కెర కలిపిన పోషక మాధ్యమంలో శిలీంధ్రం లేకుండానే మొలకెత్తించి ఆర్కిడ్ పరిశ్రమకు దారి చూపాడు. ప్రయోగశాల సీసాలో సాధ్యమైనది చింత కొమ్మపై కాదు. మొలిచిన మొక్క పూతకు రావడానికి మళ్లీ ఏళ్లు పడుతుంది. వక్క మాను నున్నగా ఉండి గింజకు పట్టు దొరకనివ్వదు. అగళి ప్రాంతంలో వక్క, కొబ్బరి తోటలు విస్తరిస్తున్న కొద్దీ గట్లపై ఉన్న పాత చింత, మామిడి చెట్ల గరుకు బెరడే ఈ మొక్కలకు మిగిలే చోటు.

మరోవైపు ఆర్కిడ్ పేరుతో వినిపించే సలహా పూర్తిగా వేరు. నీడవలల కింద డెండ్రోబియమ్ సంకర రకాలు పెంచి పూలు అమ్ముకోవచ్చన్నది ఆ సలహా. సమగ్ర ఉద్యాన అభివృద్ధి మిషన్ ఆర్కిడ్, ఆంథూరియం రక్షిత సాగుకు రాయితీ ఇస్తున్నది. బెంగళూరు పూల మార్కెట్ అగళికి మరీ దూరమేమీ కాదు, ఆ ప్రాంతపు ఎత్తు వల్ల రాత్రులు కొంత చల్లగా ఉంటాయి. ఈ అనుకూలతలను కాదనలేము. కానీ డెండ్రోబియమ్‌కు గాలిలో తేమ దండిగా కావాలి, నీటిలో లవణాలు చాలా తక్కువగా ఉండాలి. కొబ్బరి డొక్క, బొగ్గు, ఇటుక ముక్కలే దానికి నేల. మట్టి లేనందున నీటిలోని ఉప్పును సర్దుకొనే గుణం ఆ మాధ్యమానికి ఉండదు. పేరుకున్న లవణం నేరుగా వెలామిన్‌ను కాల్చివేస్తుంది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో అనేక చోట్ల బోరు నీటిలో లవణాలు, ఫ్లోరైడు అధికమన్నది తెలిసిన విషయమే. బోరు నీటి విద్యుద్వాహకత పరీక్షించకుండా, వాననీటిని నిలువచేసే తొట్టి లేకుండా ఆర్కిడ్ నీడవల వేయమని చెప్పడం రైతును అప్పులోకి దింపడమే. ఒకే బోరుపై వక్క తోటను నిలబెట్టుకొంటున్న కుటుంబానికి ఈ సలహా ఇవ్వకపోవడమే మేలు. రాయితీ ఉన్నంత మాత్రాన పంట ఆ నేలకు సరిపడదు.

రైతు ఇక్కడ న్యాయమైన ప్రశ్న వేయవచ్చు: చెట్టుపై ఆర్కిడ్ ఉంచినందువల్ల వచ్చే లాభం ఏమిటి? రూపాయల్లో చెప్పవలసి వస్తే ఏమీ లేదు. అడవి ఆర్కిడ్లను అమ్ముకోవచ్చని ఆశపెట్టడం తప్పు; ఈ కుటుంబానికి చెందిన జాతులన్నీ సైటిస్ ఒప్పందపు అంతర్జాతీయ వ్యాపార నియంత్రణలో ఉన్నాయి. అయితే ఉంచినందువల్ల నష్టమూ లేదు. ఎండుకొమ్మపై గుబురుగా పెరిగినప్పుడు బరువుకు ఆ కొమ్మ విరగవచ్చు. అటువంటప్పుడు కొమ్మ తీసి, మొక్కను పక్క మానుకు కొబ్బరి పీచుతో కట్టివేస్తే వేళ్లు మళ్లీ పట్టుకుంటాయి. కూలీ ఖర్చు పెట్టి పెరికించవలసిన పని తప్పుతుంది, ఆ కూలీని నిజమైన బదనిక కోతకు మళ్లించవచ్చు.

భారత వృక్ష సర్వేక్షణ సంస్థ 2019లో ప్రచురించిన లెక్క ప్రకారం దేశంలో 1,256 ఆర్కిడ్ జాతులున్నాయి, వాటిలో 757 వృక్షోపజీవులు. సిక్కింలోని పాక్యోంగ్‌లో జాతీయ ఆర్కిడ్ పరిశోధన కేంద్రం 1996 నుంచి పనిచేస్తున్నది. ఈశాన్య రాష్ట్రాల వైభవం ముందు పొడి దక్కను జాబితా చిన్నదే. చిన్నదైనందువల్లే మండల స్థాయిలో దాన్ని నమోదు చేయడం కష్టమైన పని కాదు. వ్యవసాయ, ఉద్యాన డిగ్రీ విద్యార్థులు గ్రామీణ పని అనుభవ కార్యక్రమంలో గ్రామ పటం గీస్తారు, పంటల వివరాలు రాస్తారు, తెగుళ్ల జాబితా కడతారు. అందులోనే ఒక పుట చేర్చి, ఏ గ్రామంలో ఏ చెట్టుపై ఏ వృక్షోపజీవి ఉంది, ఏ చెట్టును లొరాంథస్ పట్టింది అన్నవి విడివిడిగా రాయించవచ్చు. మడకశిర, అగళి, రొళ్ల, గుడిబండ, అమరాపురం మండలాల్లో ఈ పనికి పరికరాలు అక్కరలేదు. తెగుళ్ల కరపత్రాల్లో బదనిక అన్నచోట లొరాంథస్ బదనిక అని ముద్రించి, పక్కన రెండు బొమ్మలు వేస్తే మిగిలిన సగం పని పూర్తవుతుంది. పూత లేనప్పుడు వాండాలో ఒక జాతిని మరో జాతి నుంచి వేరుచేయడం అనుభవజ్ఞులకే కష్టం. వాండా టెస్సెల్లేటా వేసవి నుంచి వానాకాలం వరకు పూస్తుంది గనుక, విద్యార్థులు ఖరీఫ్ తొలి వారాల్లో గ్రామాలకు చేరితే పువ్వును చూసి జాతిని నిర్ధారించుకోవచ్చు.