రైలు బతకాలంటె చేతులు గావాలె

పాత ఇంజన్‌కు తుప్పు పడితె గీకి బాగుచేయొచ్చు. దాన్ని నడిపే మనిషే లేకపోతె ఏం చేస్తం? బ్రిటన్‌ల ఇప్పుడు గీ పంచాయితీనే నడుస్తున్నది. జీతం తీసుకోకుంట పాత పొగబండ్లను నడుపుతున్న వలంటీర్లు, పదహారేండ్ల లోపు పిల్లలను తమతోని పనికి తీసుకోవచ్చా అని అడుగుతున్నరు.

ముందుగాల ఈ కథ ఏడ మొదలైందో చూడాలె. వేల్స్‌ల తాలిల్లిన్ రైల్వే అని ఉన్నది. పలకరాయి గని కోసం 1865ల ఏసిన చిన్న లైను. రెండు పట్టాల నడుమ ఎడం రెండడుగుల మూడంగుళాలే. 1946ల గని కూలి మూతపడ్డది. 1948ల సర్కారు రైల్వేలను జాతీయం చేసినప్పుడు ఈ లైనును వదిలేసింది. యజమాని హేడన్ జోన్స్ మాత్రం తాను బతికున్నన్ని రోజులు బండి ఆపలే. 1950 జులైల ఆయన పోయిండు.

ఇగ తుక్కు కిందికి పోవుడే అనుకున్నరు అందరు. కని అదే ఏడు అక్టోబర్‌ల టామ్ రోల్ట్ అనే ఇంజనీరు, ఇంకొందరు బర్మింగ్‌హామ్‌ల మీటింగ్ పెట్టి సంఘం కట్టిన్రు. 1951 మే 14న బండి కదిలింది. అప్పుడు నడిచే హాలత్‌ల ఉన్నది డోల్గోచ్ అనే ఒక్క ఇంజనే, అదీ 1866ది. ఇంకో రెండు పాత ఇంజన్లను ఒక్కోటి 25 పౌండ్లకు కొన్నరు. లోకంల వలంటీర్లు కాపాడి నడిపిన మొదటి రైల్వే గిదే. థామస్ అనే నీలి ఇంజన్ కార్టూన్ మీరు చూసే ఉంటరు. ఆ కథలు రాసిన ఆడ్రీ గూడ ఈడ గార్డు పని చేసిండు.

ఇది యూట్యూబ్‌ల చూసి నేర్చుకునే పని గాదు. మొదలు ఇంజన్ తుడవాలె. తర్వాత బొగ్గు ఏసుడు నేర్వాలె. నీళ్లెంత, ఆవిరెంత, ఎక్కుడుల మంట ఎట్లుండాలె అనేది చెయ్యికి తెల్వాలె. ఏండ్లు పడితెగని డ్రైవర్ గారు. నేర్పేటోళ్లు ముసలోళ్లైతున్నరు. కుర్రోళ్లు రాకపోతె ఆ ఇంజన్లు అద్దాల పెట్టెల బొమ్మలే.

ఈడ అడ్డమొచ్చింది 1920 నాటి చట్టం. రైల్వేలు, గనులు, ఫ్యాక్టరీలల్ల పిల్లలను పనికి పెట్టొద్దని అది చెప్తది. జీతం లేకున్నా ఇది వర్తిస్తదని వకీళ్ల సలహా వచ్చింది. మార్చుమని పార్లమెంటు సభ్యులు కొందరు ఏండ్లుగ అడుగుతున్నరు.

నా మాట సూటిగ చెప్త. ఆ చట్టాన్ని చులకన చేయొద్దు. పత్తి చేన్లల్ల, ఇటుక బట్టీలల్ల ఎంతమంది బాల్యం కరిగిపోయిందో మనకు తెలుసు. "ఫ్రీగ నేర్పుతున్నం" అనుకుంటనే పిల్లలతోని వెట్టి చేయించుకునేటోళ్లు ఏ దేశంల అయిన ఉంటరు. గందుకే చట్టం గోడను కూలగొట్టుడు తప్పు. ఆ గోడకు ఒక తలుపు పెట్టాలె. బడి పోవద్దు, పెద్దోళ్లు పక్కన ఉండాలె, నడిచే ఇంజన్ కాడ ప్రమాదం పని ఇయ్యొద్దు, ఇష్టం లేకుంటె ఎప్పుడైన పోవచ్చు. గీ షరతులు రాసి పెడితె నేర్చుడు వేరే, దోపిడి వేరే అని చట్టానికి గూడ తెలుస్తది.

ఇంకోటి. గా గని మూతపడ్డనాడు కార్మికుల కొలువులను ఏ వలంటీరు సంఘం ఆపలే. బండి మిగిలింది, రాయి కొట్టినోళ్ల పని మిగల్లే. పాతదాన్ని ప్రేమించుడు మంచిదే. కని అండ్ల ఒళ్లు ఒంచినోళ్ల కథ గూడ చెప్పాలె. లేకపోతె మనం కాపాడింది ఒట్టి ఇనుమే.