ఫోను నేర్పితే పార్సిల్ దాటదు

చేతివృత్తుల వాళ్లకు ఆన్‌లైన్ అమ్మకం నేర్పితే చాలు, డాలర్లు వాటంతటవే వస్తాయట. ఏ సదస్సుకు పోయినా ఇదే మాట. ఫొటో ఎట్లా తీయాలి, రీల్ ఎట్లా పెట్టాలి, ఇంగ్లిషులో రెండు ముక్కలు ఎట్లా రాయాలి అన్నంతవరకే శిక్షణ. కొంటానన్నవాడు దొరికాక ఏమవుతుందో చెప్పేవాళ్లు లేరు.

మంచిర్యాల నుంచి చెన్నూరు పోయే దారిలో మా జైపూర్. (పేరు చెప్పగానే రాజస్థానా అని అడుగుతారు, కాదు.) చెన్నూరు అడవుల్లో మద్దిచెట్ల మీద దసలి పట్టుకాయ పండుతుంది. గోదావరి దాటితే మహదేవపూర్‌లో దసలి చీరలు నేస్తారు. బొగ్గుబాయి కార్మికుల పిల్లలు అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్నారు కాబట్టి కొనేవాళ్లకు కొదవ లేదు. చీరలు పోతూనే ఉన్నాయి, సెలవులకు వచ్చినవాళ్ల సూట్‌కేసుల్లో. డబ్బు ఇక్కడున్న నాన్న ఫోన్‌పే చేస్తాడు. ఇది చేతగాక పట్టిన దారి కాదు, లెక్క చూసుకుని పట్టిన దారి.

పన్నెండు వేల చీర ముక్కూమొహం తెలియని మనిషికి పంపాలనుకుందాం. ఎగుమతిదారు కోడ్ 500 రూపాయలకే వస్తుంది, సరే. తర్వాత బ్యాంకు నుంచి ఏడీ కోడ్, పన్ను కట్టకుండా పంపేందుకు జీఎస్టీ ఎల్‌యూటీ, పోస్టల్ ఎగుమతి బిల్లు, వచ్చిన డాలర్లను ఆ బిల్లుకు జతచేసే తతంగం. ఒక్క చీరకైనా వంద చీరలకైనా ఈ తిరుగుడు తప్పదు. పైన కార్డు రుసుము, మారకంలో కోత. అదీ భరించవచ్చు. పేపాల్‌లో కొన్నవాడు 180 రోజుల దాకా ఫిర్యాదు పెట్టవచ్చు, తేలేదాకా సొమ్ము ఆగిపోవచ్చు. దసలిలో ఒక కాయ రంగు ఇంకో కాయకు రాదు, దాని అందమే అది. "ఫొటోలో ఉన్న రంగు కాదు" అని కొన్నవాడు అంటే? వెనక్కి తెప్పించుకుంటే రానూపోనూ ఖర్చు మనదే, ఇది మన దగ్గర నుంచి పోయిన చీరేనని కస్టమ్స్‌కు రుజువు చూపడమూ మన పనే.

2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చిన ఆదిలాబాద్ డోక్రా లోహపు బొమ్మలది ఇంకో బాధ. మూడు కిలోల బొమ్మను దెబ్బ తగలకుండా 40, 30, 30 సెంటీమీటర్ల పెట్టెలో పెడితే, కొరియర్ వాళ్లు పొడవు, వెడల్పు, ఎత్తులను గుణించి 5000తో భాగించే లెక్కలో అది 7.2 కిలోలవుతుంది. పెట్టెలోని గాలికి కూడా కిరాయి కట్టాలన్నమాట.

ఇవన్నీ నేర్చుకున్నవాడైనా 2025 ఆగస్టులో ఏం చేయగలిగేవాడు? 800 డాలర్ల లోపు పార్సిళ్లకున్న సుంకం మినహాయింపును అమెరికా ఎత్తేసింది. మన తపాలా శాఖ అక్కడికి పార్సిళ్లు ఆపేసి, అక్టోబరు నడిమికి గానీ మళ్లీ తీసుకోలేదు. దసరా, బతుకమ్మ రెండూ ఆ మధ్యలోనే పోయాయి.

అయినా "డిజిటల్ అవగాహన లేదు" అని నేతగాడి మీదికే నెడతారు. కొన్నవాడి దగ్గర డబ్బు ఆగడం పెద్ద కంపెనీకీ తప్పలేదు మరి. జైపూర్‌లోనే సింగరేణి బొగ్గు కంపెనీ వారి 1200 మెగావాట్ల థర్మల్ కేంద్రం ఉంది. దాని కరెంటు కొనేది ప్రభుత్వ డిస్కంలే, రాతపూర్వక ఒప్పందంతోనే. అయినా సింగరేణికి డిస్కంల బాకీ వేల కోట్లకు చేరింది. సింగరేణికి అమ్మడం రాదని ఎవరైనా శిక్షణ శిబిరం పెట్టారా? కంపెనీ పెద్దది కాబట్టి ఓర్చుకుంటుంది. నేతగాడి ఇంట్లో ఒక్క చీర సొమ్ము ఆగితే మళ్లీ మగ్గమెక్కడానికి పట్టుదారం ఉండదు.

పది లక్షల లోపు ఎగుమతి బిల్లులను ఎగుమతిదారు సొంత డిక్లరేషన్‌తోనే ముగించవచ్చని 2025 అక్టోబరులో రిజర్వు బ్యాంకు ప్రకటించింది. మంచిదే. డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు కాగితాల పని చూసిపెడతాయి, అదీ మంచిదే. కానీ చీర పోయాక డబ్బు రాకపోతే ఆ నష్టం ఎవరు భరించాలన్నదానికి ఈ రెండింటిలోనూ జవాబు లేదు.

ఎగుమతిదారుగా సంతకం పెట్టాల్సింది నేతగాడు కాదు, తెలంగాణ చేనేత సహకార సంస్థ టెస్కో లాంటిది. చీర చేతికందిన రోజే అతనికి డబ్బిచ్చేయాలి. ఫిర్యాదు, వాపసు, సుంకం సంస్థే చూసుకోవాలి. ముందు ఒక్క ఏడాది వంద మహదేవపూర్ చీరలకు ఈ పూచీ తీసుకుని, ఎంత పోయిందో లెక్క బయటపెట్టమనండి. శిక్షణ శిబిరాలకు పెట్టే ఖర్చును ఆ లెక్క పక్కన పెట్టి చూద్దాం.